పాత కారుకు కొత్త కాళ్లు

ఇటలీ స్పోర్ట్స్ కారును చూడగానే కళ్లు బాడీ మీదికి పోతాయి. ఆ అందాన్ని రోడ్డు మీద నిలబెట్టేది మాత్రం కింద తిరిగే నల్లటి రబ్బరు. యాభై అరవై ఏళ్ల నాటి ఆల్ఫా రోమియోకో, ఫెరారీకో, లంబోర్గినీకో ఇవాళ టైర్లు వేయించాలంటే ఏం చూడాలి? ఏది నమ్మాలి? ఏ ఆశకు లొంగకూడదు?

1957 మే 12. ఉత్తర ఇటలీలోని బ్రెషా నుంచి రోమ్ దాకా వెళ్లి తిరిగి బ్రెషాకే చేరే మిల్లె మిల్యా పందెం ముగింపుకొస్తోంది. మామూలు రోడ్ల మీద, ఊళ్ల నడుమ నుంచి దాదాపు 1,600 కిలోమీటర్లు సాగే పోటీ అది. గ్విదిజ్జోలో అనే ఊరి సమీపంలో, తిన్నటి రోడ్డు మీద, స్పెయిన్ కులీన వంశస్థుడు అల్ఫోన్సో డి పోర్టాగో నడుపుతున్న ఫెరారీ 335 ఎస్ టైరు పేలింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంలో కారు అదుపు తప్పి జనంలోకి దూసుకెళ్లింది. పోర్టాగో, ఆయన పక్కన కూర్చున్న ఎడ్మండ్ నెల్సన్, రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న తొమ్మిది మంది చనిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు పిల్లలు. ఎంజో ఫెరారీ మీద కేసు పెట్టారు. 1961లో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. మిల్లె మిల్యా మాత్రం వేగం పందెంగా మళ్లీ జరగలేదు.

ఇప్పుడు ఆ పేరుతో జరిగేది పాత కార్ల యాత్ర. 1977లో మొదలైంది. నిర్ణీత సమయానికి నిర్ణీత చోటికి చేరడంలోనే ఇందులో నైపుణ్యమంతా. వచ్చే కార్లు కోట్ల రూపాయలు పలుకుతాయి. ఇలాంటి కార్ల యజమానులు చాలామంది ఇంజన్‌ను విప్పి నట్టు నట్టూ కడిగిస్తారు. రంగు 1960ల నాటి ఛాయలోనే ఉండాలని నెలల తరబడి వెతుకుతారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఇంకా ట్రెడ్ ఉంది కదా’ అనుకునేవాళ్లకు కొదవ లేదు. ఆ ఒక్క మాటను మార్చాలన్నదే ఈ కథనం ఉద్దేశం.

టైరుతో పాటే పుట్టిన కారు

టైరును విడిగా కొంటాం కాబట్టి దాన్ని కారుకు తగిలించే వస్తువుగా చూస్తాం. ఇటలీ కార్ల చరిత్ర చూస్తే సంగతి వేరు. 1950లో లాన్సియా కంపెనీ తెచ్చిన ఔరేలియా, ఫ్యాక్టరీ నుంచే రేడియల్ టైర్లతో బయటికొచ్చిన మొదటి కారు. వేసినవి ఫ్రాన్స్‌కు చెందిన మిషెలిన్ వారి ‘ఎక్స్’ టైర్లు. వాటికి 1946లో పేటెంట్ తీసుకుని, 1949లో అమ్మకానికి తెచ్చారు.

అంతకు ముందు ఉన్నవన్నీ క్రాస్‌ప్లై టైర్లే. మన లారీ డ్రైవర్లు ‘నైలాన్ టైరు’ అనేది ఈ జాతిదే. అందులో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ ఉంటాయి. టైరు పక్కగోడ వంగినప్పుడల్లా రోడ్డును తాకే భాగం కూడా మెలితిరుగుతుంది. వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు తిన్నగా పోతాయి. వాటి పైన, ట్రెడ్ కింద, టైరు చుట్టూ ఒక గట్టి పట్టీ ఉంటుంది. పక్కగోడ తన పని తాను చేసుకుంటూ వంగుతుంది, ట్రెడ్ రోడ్డుకు పరుచుకుని ఉంటుంది. మలుపులో పట్టు పెరుగుతుంది, వేడి తగ్గుతుంది.

మిలాన్‌లో 1872 నుంచి రబ్బరు పని చేస్తున్న పిరెల్లి దీనికి తనదైన జవాబు వెతికింది. ఇంజినీరు లుయీజీ ఎమాన్వేలి బృందం 1950ల తొలినాళ్లలో చింతురాతో టైరును తయారుచేసింది. మిషెలిన్ ఉక్కు పట్టీ వాడిన చోట వీళ్లు వస్త్రపు పట్టీ వాడారు. ప్రయాణం మెత్తగా ఉండేది, పట్టు జారే ముందు డ్రైవర్‌కు కబురందేది. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆల్ఫా రోమియో, మసెరాటి, ఫెరారీ, లంబోర్గినీ కార్లు ఈ రెండు కంపెనీల టైర్లనే ఎక్కువగా నమ్ముకున్నాయి. స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి, చక్రం ఎంత వాలుగా నిలవాలి, స్టీరింగ్ ఎంత బరువుండాలి అన్న లెక్కలన్నీ ఆ టైర్ల మీద నడిపి చూసి తేల్చినవే.

టైరు కారు ఆకారాన్నే మార్చేసిన సందర్భమూ ఉంది. 1974లో రోడ్డెక్కిన లంబోర్గిని కౌంటాష్ ఎల్‌పీ 400కు ముందు 205, వెనక 215 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లు ఉండేవి. బాడీ చాకుతో చెక్కినంత నున్నగా ఉండేది. అదే దశాబ్దంలో పిరెల్లి, లాన్సియా స్ట్రాటోస్ ర్యాలీ కారు కోసం శ్రమించి పీ7 అనే టైరును తెచ్చింది. పక్కగోడ బాగా పొట్టి, వెడల్పు బాగా ఎక్కువ. కెనడా వ్యాపారి, తర్వాత ఫార్ములా వన్ జట్టు యజమాని అయిన వాల్టర్ వోల్ఫ్ తన కౌంటాష్‌కు ఈ టైర్లే కావాలని పట్టుబట్టి ప్రత్యేకంగా చేయించుకున్నారు. 1978లో వచ్చిన ఎల్‌పీ 400 ఎస్ దాన్నుంచి పుట్టిందే. దాని వెనక టైరు వెడల్పు ఏకంగా 345 మిల్లీమీటర్లు. అవి పట్టడానికి చక్రాల మీద వెడల్పాటి ఫెండర్లు అతికించారు, సస్పెన్షన్ కొత్తగా లెక్కగట్టారు. పోస్టర్లలో మనం చూసిన కౌంటాష్ రూపం చాలావరకు ఆ టైరు ఇచ్చినదే.

అరగకుండానే ముసలిదవుతుంది

పాత స్పోర్ట్స్ కారు ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. కాబట్టి దాని టైరు గుండు కావడం అరుదు. ప్రమాదం సరిగ్గా అక్కడే పొంచి ఉంది. రోజూ తిరిగే కారుకు ట్రెడ్ అరిగి మనల్ని హెచ్చరిస్తుంది. షెడ్డులో ఉండే కారుకు ఆ హెచ్చరిక రాదు. రబ్బరు మాత్రం గాలిలోని ఆక్సిజన్‌తో, ఓజోన్‌తో, ఎండతో, వేడితో నిత్యం గట్టిపడుతూనే ఉంటుంది. దాన్ని కాపాడటానికి ఫ్యాక్టరీలో కలిపిన రసాయనాలు టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే పైపొరకు చేరతాయి. కదలని టైరులో ఆ రక్షణ తగ్గిపోతుంది. పక్కగోడ మీద సన్నటి పగుళ్లు కనిపించే నాటికి లోపలి పొరల మధ్య అతుకు కూడా బలహీనపడి ఉండొచ్చు. అది పైకి కనిపించదు.

అందుకని టైరు కొనేటప్పుడైనా, టైర్లతో సహా పాత కారు కొనేటప్పుడైనా మొదట చూడాల్సింది పుట్టిన తేదీ. పక్కగోడ మీద ‘డీఓటీ’ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అక్కడ మూడంకెలే ఉంటే ఆ టైరు 2000 కంటే ముందుది. అది మెరుస్తున్నా సరే, తీసి పక్కన పెట్టాల్సిందే. వాడకం మొదలైన ఐదేళ్ల నుంచి ఏటా నిపుణుడితో తనిఖీ చేయించాలని, తయారైన పదేళ్లకు ట్రెడ్ ఎంతున్నా మార్చేయాలని మిషెలిన్ సలహా. అంతకన్నా ముందే మార్చేవాళ్లను తప్పుపట్టలేం.

‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాలతో మనవాళ్లకూ దగ్గరైన నటుడు పాల్ వాకర్ 2013 నవంబరులో కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో చనిపోయారు. ఆయన స్నేహితుడు నడిపిన ఆ కారు ఇటలీది కాదు, పోర్షె కరెరా జీటీ. మితిమీరిన వేగమే ప్రధాన కారణమని తేల్చిన దర్యాప్తు, దాని టైర్లు తొమ్మిదేళ్ల నాటివన్న సంగతినీ నమోదు చేసింది. అపురూపమైన కార్లు దాచుకునే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది.

అంకెల్లో దాగిన కొలత

వయసు తర్వాత సైజు. 1967లో వచ్చిన ఆల్ఫా రోమియో 1750 జీటీవీ టైరు మీద ‘165 హెచ్ఆర్ 14’ అని ఉంటుంది. 165 వెడల్పు, మిల్లీమీటర్లలో. ‘హెచ్’ వేగం గుర్తు, ‘ఆర్’ రేడియల్, 14 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఇప్పటి టైర్లలో ఉండే 70, 60, 55 లాంటి అంకె ఇందులో లేదు. అది వెడల్పుతో పోలిస్తే పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. అది రాయలేదంటే పక్కగోడ ఎత్తు దాదాపు 80 శాతం అని లెక్క. ఈ ఒక్క సంగతి తెలియక తప్పు సైజు కొనేవాళ్లుంటారు.

వేగం అక్షరాలూ కాలంతో మారాయి. ‘ఎస్’ అంటే గంటకు 180 కిలోమీటర్లు, ‘హెచ్’ అంటే 210. అప్పట్లో ‘వీఆర్’ అంటే 210కి పైన ఎంతైనా అని. ఇప్పుడు ‘వీ’కి 240 దగ్గర హద్దు గీశారు. ‘డబ్ల్యూ’కి 270, ‘వై’కి 300. గంటకు 280 కిలోమీటర్లు అందుకునే ఫెరారీ డేటోనా పాత కాగితాల్లో ‘వీ’ అని ఉందని ఇప్పటి ‘వీ’ టైరు తెచ్చి వేస్తే, ఆ కారు సత్తాకు తక్కువ టైరు వేసినట్టే. మీరు అంత వేగంగా నడపకపోవచ్చు. రేపు ఆ కారు ఎవరి చేతికెళ్తుందో తెలియదు కదా. దాంతోపాటు బరువు మోసే సామర్థ్యం చెప్పే అంకెనూ చూడాలి.

వెడల్పు మీద మోజు

పాత ఆల్ఫా యజమానులకు తరచూ ఎదురయ్యే సలహా ఒకటుంది: ‘165 సన్నగా ఉంది, 195/60 వేసెయ్, కారు నేలకు అతుక్కుపోతుంది.’ లెక్క వేసి చూద్దాం. 165 హెచ్ఆర్ 14 టైరు మొత్తం వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు. 195/60 ఆర్ 14 వ్యాసం 590. అంటే చక్రం దాదాపు 5 శాతం చిన్నదైంది. స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే కారు వెళ్లేది 95. అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగాలి. కారు నేలకు మరో 15 మిల్లీమీటర్లు దిగుతుంది.

ఇవి కాగితం మీద కనిపించే తేడాలు. చేతికి తెలిసే తేడా ఇంకా పెద్దది. ఈ కార్లకు పవర్ స్టీరింగ్ లేదు. వెడల్పు పెరిగిన కొద్దీ పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి, రోడ్డు గాడిని పట్టి స్టీరింగ్ అటూ ఇటూ లాగుతుంది. సన్నటి, ఎత్తు పక్కగోడ టైరు మలుపులో మెల్లగా జారడం మొదలుపెడుతుంది. సర్దుకోవడానికి డ్రైవర్‌కు వ్యవధి ఉంటుంది. వెడల్పాటి పొట్టి టైరు చాలాసేపు పట్టుకుని, ఒక్కసారిగా వదిలేస్తుంది. పట్టు పెరిగిన మేరకు భారం కూడా హబ్బుల మీద, బేరింగుల మీద, సస్పెన్షన్ అతికిన రేకు మీద పడుతుంది. ఆ రేకు 1960ల నాటిది. అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు, మరో కాలపు కారుకు కుదిరిన టైరు దీనికి వదులుగానో బిగుతుగానో ఉంటుంది కానీ ఒంటికి పట్టదు.

వానలో సన్నటి టైరే మేలు. తక్కువ వెడల్పు మీద ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి అది నీటిని చీల్చుకుని రోడ్డును అందుకుంటుంది. తేలికైన కారు వెడల్పాటి టైర్ల మీద నీటి పొరపై తేలిపోయే ప్రమాదం ఎక్కువ.

అసలు సైజులోనే తాజా టైరు వేసిన 1966 ఆల్ఫా డ్యుయెట్టో నడిపినవారికి ఈ వాదన చెప్పనక్కర్లేదు. 155 మిల్లీమీటర్ల టైర్ల మీద ఆ చిన్న కారు 60 కిలోమీటర్ల వేగంలోనే మలుపు మలుపునా మాట్లాడుతుంది. పినిన్‌ఫరీనా గీసిన బాడీ ఎంత ఇటాలియనో, ఆ నడక కూడా అంతే ఇటాలియన్. వెడల్పు టైరుతో ఆ నడక పోతుంది.

రిమ్ము ఒప్పుకోవాలి

టైరు నచ్చినంత మాత్రాన సరిపోదు, రిమ్ముకు కుదరాలి. 1950, 60ల ఫెరారీలకూ మసెరాటిలకూ మిలాన్‌కు చెందిన బొర్రాని ఊచల చక్రాలు పెద్ద అలంకారం. ఊచలు రిమ్ములోంచి దూరి ఉంటాయి కాబట్టి గాలి నిలవదు. ట్యూబు తప్పనిసరి. అందులో ఊచల మొనలు ట్యూబును కోయకుండా పట్టీ వేయాలి. ట్యూబ్‌లెస్ టైరులోకి ట్యూబు దూర్చేటప్పుడు లోపలి గోడ నున్నగా ఉందో లేదో చూడాలి. లోపల గీతలూ గరుకూ ఉంటే ట్యూబు వాటికి రాసుకుని వేడెక్కి చిరుగుతుంది. పాత రిమ్ములు చాలావాటికి, మలుపులో టైరు అంచు జారిపోకుండా ఆపే చిన్న గట్టు ఉండదు. ట్యూబు లేకుండా వాటిని నడపడం ప్రమాదం.

లంబోర్గిని మియురా లాంటి కార్లకు కంపాన్యోలో మెగ్నీషియం చక్రాలు వేశారు. మెగ్నీషియం తేలికే కానీ తేమ దాన్ని తినేస్తుంది, వయసుతో పగుళ్లు వస్తాయి. కొత్త టైర్లు ఎక్కించే రోజే ఆ చక్రాలను పగుళ్ల పరీక్షకు పంపడం తెలివైన పని. టైరు ఎలాగూ ఊడదీసే ఉంటుంది.

అలాగే మీ కారు ఏ రకమో కచ్చితంగా తెలియాలి. మొదటి మియురాలకు నాలుగు చక్రాలూ ఒకే కొలత. 1971 నాటి ఎస్‌వీకి వెనక చక్రాలు వెడల్పు చేసి, ఫెండర్లు ఉబ్బించారు. ‘మియురా టైర్లు’ అని అడిగితే చాలదు, ఏ మియురానో చెప్పాలి.

ఏ కారుకు ఏ కొలత

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సైజులు ఇవి. కొనేముందు మీ కారు పుస్తకంతో సరిచూసుకోండి.

• ఆల్ఫా రోమియో స్పైడర్ 1600 డ్యుయెట్టో (1966): 155 ఎస్ఆర్ 15
• ఆల్ఫా రోమియో 1750 జీటీవీ (1967): 165 హెచ్ఆర్ 14
• ఫెరారీ 365 జీటీబీ/4 డేటోనా (1968): 215/70 వీఆర్ 15
• ఫెరారీ డీనో 246 జీటీ (1969): 205/70 వీఆర్ 14
• లంబోర్గిని కౌంటాష్ ఎల్‌పీ 400 (1974): ముందు 205/70 వీఆర్ 14, వెనక 215/70 వీఆర్ 14
• లంబోర్గిని కౌంటాష్ ఎల్‌పీ 400 ఎస్ (1978): ముందు 205/50 వీఆర్ 15, వెనక 345/35 వీఆర్ 15
• ఫెరారీ ఎఫ్40 (1987): ముందు 245/40 జడ్ఆర్ 17, వెనక 335/35 జడ్ఆర్ 17

పాత ముఖం, కొత్త రబ్బరు

ఈ సైజులు మామూలు దుకాణంలో దొరకవు. ఒకప్పుడు యజమానులు దొరికిన దాంతో సర్దుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం చాలావరకు తీరింది. పిరెల్లి ‘కొలెజియోనె’ పేరుతో పాత కార్ల కోసం ప్రత్యేకంగా టైర్లు చేస్తోంది. మిలాన్‌లోని తన ఫౌండేషన్ భద్రపరిచిన పాత చిత్రాలను చూసి ట్రెడ్ గీతలను, పక్కగోడ మీది అక్షరాలను అలాగే దించుతోంది. లోపలి రబ్బరు మాత్రం ఇప్పటిది. తడి రోడ్డు మీద పట్టు, బ్రేకు దూరం ఈనాటి ప్రమాణాల్లో ఉంటాయి. చింతురాతో సీఎన్12, పీ7 మళ్లీ అందుబాటులోకి వచ్చాయి. మిషెలిన్ కూడా డీనోకూ డేటోనాకూ వేసిన ఎక్స్‌డబ్ల్యూఎక్స్ రకాన్ని తయారుచేస్తోంది. వీటి ధర ఎక్కువే. తక్కువ సంఖ్యలో, విడి అచ్చులతో చేసే సరుకుకు అది తప్పదు. కారు విలువతో పోల్చి చూస్తే ఆ ఖర్చు స్వల్పం.

అంత ఖర్చు అక్కర్లేని ఆల్ఫా, ఫియట్ యజమానులకు డచ్ కంపెనీ వ్రెడెస్టీన్ వారి ‘స్ప్రింట్ క్లాసిక్’ చాలాకాలంగా నమ్మకమైన దారి. ఇక్కడ మనకొక బంధం ఉంది. వ్రెడెస్టీన్‌ను 2009లో మన దేశానికి చెందిన అపోలో టైర్స్ కొన్నది. అదే అపోలోకు తిరుపతి జిల్లా చినపాండూరులో 2020లో పని మొదలుపెట్టిన ఫ్యాక్టరీ ఉంది. వ్రెడెస్టీన్‌కు ఇటలీతోనూ బంధముంది. ఇటలీ కార్ల డిజైనర్ జుగియారో 1960లలో ఆల్ఫా జూలియా స్ప్రింట్ జీటీని, మసెరాటి గిబ్లీని గీశారు. ఆయన డిజైన్ సంస్థే తర్వాత వ్రెడెస్టీన్ కోసం టైర్ల ట్రెడ్‌లనూ గీసింది. కారు గీసిన చేయి టైరునూ గీయాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయనకు అవి రెండూ ఒకే వస్తువు.

కలపకండి, ఆపకండి

ఎంచుకున్నాక పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. క్రాస్‌ప్లై, రేడియల్ ఒకే కారుకు కలిపి వేయకూడదు. ముఖ్యంగా ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై అసలే వద్దు. మలుపులో వెనక భాగం ముందుగా పట్టు వదిలి కారు తిరిగిపోతుంది. నాలుగూ ఒకే రకం, ఒకే వయసు ఉంటే మంచిది. డిక్కీలోని ఐదోదాన్నీ మరవకూడదు. చాలా కార్లలో అత్యంత పాత టైరు అదే.

గాలి కారు పుస్తకంలో చెప్పినంత పట్టించి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి పీడనం దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. షెడ్డులో నెలల తరబడి ఉంచితే కారును అప్పుడప్పుడూ ముందుకూ వెనక్కూ జరపాలి. లేకపోతే నేలను తాకిన చోట టైరు చదునై, నడిపేటప్పుడు దడదడలాడుతుంది. ఎండ పడనీయకూడదు. ఎలక్ట్రిక్ మోటార్లు ఓజోన్ వదులుతాయి కాబట్టి కంప్రెసర్ పక్కన కారు నిలపకపోవడం మంచిది.

ఈ సూత్రాలు మన ఇళ్లలోని ఒక ఇటాలియన్‌కూ వర్తిస్తాయి. ప్రీమియర్ పద్మిని అసలు ఫియట్ 1100 వంశానిదే. 5.20-14 క్రాస్‌ప్లై టైర్ల మీద బయల్దేరిన కారు. తాతగారి పద్మినిని బాగుచేయించుకుంటున్నవాళ్లు కూడా వెడల్పు కంటే ముందు తేదీ చూడండి. మే నెల విజయవాడ ఎండలో రబ్బరు మిలాన్‌లో కంటే త్వరగా ముసలిదవుతుంది.

ప్రదర్శన కోసమా, ప్రయాణం కోసమా

కోమో సరస్సు ఒడ్డున విల్లా డెస్టెలో ఏటా జరిగే పాత కార్ల అందాల పోటీ లాంటి చోట్ల, కారు పుట్టిన నాటి రకం టైరు ఉందా అని చూస్తారు. దాంతో కొందరు ముప్ఫై ఏళ్ల నాటి అసలు టైర్లను పదిలంగా దాచుకుంటారు. దాచుకోవడంలో తప్పు లేదు. వాటిని మరో జత రిమ్ములకు ఎక్కించి, పచ్చిక మీద నిలబెట్టడానికే వాడాలి. రోడ్డెక్కే రోజున వాటిని మార్చకపోతే అది పాతదనం పట్ల గౌరవం కానే కాదు. పోస్టరు మీది కౌంటాష్‌ను చూసి పెరిగిన పిల్లవాడు రేపు ఫుట్‌పాత్ మీద నిలబడి అదే కారు వెళ్లడం చూస్తాడు. అతడి క్షేమం కూడా ఆ టైరు మీదే ఆధారపడి ఉంది.

కారును చేసిన ఇంజినీర్లను నిజంగా గౌరవించడమంటే వాళ్లు లెక్కగట్టిన సైజును, ఆకారాన్ని నిలబెట్టడం, రబ్బరును మాత్రం ఈనాటిది వేయడం. 1960లలో వాళ్ల చేతికి ఇంతకన్నా మంచి రబ్బరు అంది ఉంటే వదులుకునేవాళ్లా? ఆ కార్లు అప్పటి వరకూ ఉన్న వాటిలో అత్యుత్తమమైన దాన్ని వెతికే మనుషుల చేతుల్లో పుట్టాయి. కాబట్టి మీ కారుకు డబ్బు ఖర్చు పెట్టే వరుసలో టైర్లను రంగు కంటే ముందు, తోలు సీట్ల కంటే ముందు రాసుకోండి. ఈ ఆదివారం షెడ్డు తలుపు తీసినప్పుడు బానెట్ ఎత్తే ముందు ఒంగి, ఐదు టైర్ల మీది తేదీలూ చదవండి. పదేళ్లు దాటింది ఒక్కటి కనిపించినా, కొత్తవి వచ్చేదాకా ఆ కారు గేటు దాటకూడదు.